డయాలసిస్ పేషెంట్ చిక్కిపోతుంటే: ఇంటివాళ్లు కొలవాల్సినవి, పెట్టాల్సినవి, డాక్టరును అడగాల్సినవి

డయాలసిస్ సెంటర్ల బయట బెంచీల మీద తరచూ వినపడే మాట ఒకటుంది. "మా నాయినకు క్రియాటినిన్ 12 నుంచి 6కు దిగింది, మంచిగైతున్నడు." నిజమే కావచ్చు. కానీ రక్తంలో పేరుకునే ఈ వ్యర్థ పదార్థం, క్రియాటినిన్, డయాలసిస్ మొదలయ్యాక రెండు కారణాల వల్ల తగ్గుతుంది. మిషన్ రక్తాన్ని బాగా శుభ్రం చేస్తే తగ్గుతుంది. ఒంట్లో కండ కరిగినా తగ్గుతుంది, ఎందుకంటే అది పుట్టేదే కండలోంచి. వారానికి అవే సార్లు, అవే గంటలు డయాలసిస్ జరుగుతుండగా, సూది గుచ్చే ముందు తీసిన రక్తంలో క్రియాటినిన్ నెలనెలా జారుతోందంటే సంబరపడకండి. ముందు మనిషి జబ్బల వైపు, కణతల వైపు ఒకసారి చూడండి.

డయాలసిస్ మీదున్నవాళ్లు చిక్కిపోవడానికి ప్రధానంగా రెండు దారులు. తిండి చాలకపోవడం ఒకటి. ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్, అంటే పైకి కనపడని వాపు లాంటి మంట, రగులుతూ తిన్నదాన్ని ఒంటికి పట్టనీయకపోవడం, ఆకలిని చంపడం, కండను కరిగించడం రెండోది. ఈ రెండూ జత కట్టినప్పుడు గుండెజబ్బులు, ఇన్‌ఫెక్షన్లు వెంటపడతాయి. ఎవరి విషయంలో ఏది ఎంత ఉందో తేల్చుకోకుండా డబ్బాలకొద్దీ పౌడర్లు తాగించినా లాభం లేదు. కాబట్టి వరసగా వెళ్దాం.

1. పాత పథ్యం ఎత్తేయండి

డయాలసిస్ ఇంకా మొదలుకాని రోజుల్లో డాక్టర్లు పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమంటారు. అప్పుడు ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.6 గ్రాములకు అటూ ఇటూ ప్రొటీన్ చాలు. డయాలసిస్ మొదలైన నాటి నుంచి లెక్క తిరగబడుతుంది. కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే దాదాపు రెట్టింపు. ప్రతి సిట్టింగులో 6 నుంచి 8 గ్రాముల అమైనో ఆమ్లాలు ఫిల్టర్ గుండా బయటికి పోతాయి. కడుపులో ట్యూబుతో చేసే సీఏపీడీ వాళ్లకైతే రోజూ 5 నుంచి 10 గ్రాముల ప్రొటీనే పోతుంది.

ఈ మార్పు గురించి చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పరు. మన ఇళ్లల్లో పథ్యం ఒకసారి మొదలైతే ఆగదు కూడా. డయాలసిస్‌కు ముందు చెప్పిన "ఇవి తినొద్దు" చీటీ వంటింటి గోడకు అట్లాగే ఉంటుంది. దానికి చుట్టాలు చెప్పినవి, ఊరి వైద్యుడు చెప్పినవి, ఫోన్‌లో చూసినవి జమ అవుతాయి. చివరికి పేషెంట్ పళ్లెంలో మెత్తటన్నం, చప్పిడి చారు మిగులుతాయి. ఆ చీటీ చింపేసి, డయాలసిస్ పేషెంట్లకు వేరే చార్టు రాసివ్వమని డైటీషియన్‌ను అడగండి.

2. ఇంట్లోనే కొలవండి

ఒక నోట్‌బుక్, దర్జీ టేపు చాలు.

డయాలసిస్ పూర్తయ్యాక, ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. అది 3 నెలల్లో 5 శాతం, లేదా 6 నెలల్లో 10 శాతం తగ్గితే ప్రమాదమే. 50 కిలోల మనిషికి 3 నెలల్లో రెండున్నర కిలోలు.

ఇక్కడే ఒక మోసం ఉంది. కండ కరిగిన చోట నీరు చేరితే తూకం మారదు. చార్టులో 50 కిలోలే ఉంటుంది, లోపల మాత్రం 47 కిలోల మనిషి, 3 కిలోల నీరు. డయాలసిస్ అయినా కాళ్ల వాపు పోకపోవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, ఎన్ని గోలీలు వేసినా బీపీ దిగకపోవడం దీని గుర్తులు. "డ్రై వెయిట్ మళ్లోసారి చూడండి సార్" అని ఇంటివాళ్లే అడగాలి. అడగకపోతే పాత అంకె మీదే నెలల తరబడి బండి నడుస్తుంది.

అందుకే టేపు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) లేని చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ, డయాలసిస్ అయ్యాక, నెలకొకసారి చుట్టుకొలత రాసిపెట్టండి. ఆడవాళ్లకు గాజులు మోచేతి వైపు జారడం, జాకెట్ చేతులు వదులవడం, మగవాళ్లకు బెల్టుకు కొత్త రంధ్రం పొడవాల్సి రావడం కూడా కొలతలే. కణతలు గుంటపడ్డాయా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ చప్పబడిందా చూడండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలిగే మనిషి ఇప్పుడు లేవలేకపోతే అదీ రాయండి.

3. రిపోర్టులో ఏ అంకె ఏం చెబుతుంది

నెలవారీ పరీక్షలకు రక్తం డయాలసిస్ మొదలుకాకముందే తీయాలి. రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్ అల్బుమిన్. అది డెసిలీటరుకు 4 గ్రాములకు దగ్గరగా ఉంటే మంచిది. 3.8 కంటే తగ్గితే పట్టించుకోవాలి. 3.5 కంటే తగ్గితే వచ్చే నెల చూద్దాం అనుకోవద్దు.

అల్బుమిన్ తగ్గిందంటే తిండి చాలట్లేదని అందరూ అనుకుంటారు. సగమే నిజం. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం అల్బుమిన్ తయారీని తగ్గించి, సీఆర్‌పీ లాంటి వేరే ప్రొటీన్ల మీద పడుతుంది. అందుకే అల్బుమిన్‌తో పాటు సీఆర్‌పీ కూడా చేయించమని అడగండి. అల్బుమిన్ తక్కువ, సీఆర్‌పీ మామూలుగా ఉంటే తిండి దగ్గర, డయాలసిస్ సరిపోవడం దగ్గర లోపం వెతకాలి. షుగర్ ఉండి మూత్రం ఇంకా వస్తున్నవాళ్లకు మూత్రంలోనూ ప్రొటీన్ పోతూ ఉండొచ్చు. అల్బుమిన్ తక్కువై, సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి నెల తర్వాత కూడా దిగకపోతే, ఒంట్లో ఎక్కడో మంట ఉన్నట్టే. ల్యాబు కొలమానం మాత్రం చూసుకోండి. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కలో ఇస్తాయి, అక్కడ 1 అంటే లీటరు లెక్కలో 10.

ఫాస్ఫరస్, పొటాషియం, యూరియా, మూడూ కలిసి బాగా తగ్గినా మురిసిపోవద్దు. మనిషి తినడం మానేశాడని అర్థం కావచ్చు. కొలెస్ట్రాల్ 100 కంటే దిగడమూ అలాంటిదే. రక్తం పెంచే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు పడుతున్నా హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగి, ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ మాత్రం పెరుగుతుంటే, ఇన్‌ఫ్లమేషన్ ఇనుమును గోదాములో పెట్టి తాళం వేసిందన్నమాట. అప్పుడు దానిమ్మ రసం, బీట్‌రూట్ రసం పోస్తే రక్తం పెరగదు, పొటాషియం పెరుగుతుంది.

4. పళ్లెం నింపడం

డ్రై వెయిట్ 50 కిలోలు అనుకుందాం. రోజుకు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్, 1,250 నుంచి 1,750 కేలరీలు కావాలి. మన వంటల్లో ఆ ప్రొటీన్ దాదాపు ఇలా వస్తుంది.

పొద్దున 3 ఇడ్లీలు, 2 ఉడికించిన గుడ్ల తెల్లసొన: 12 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం వండిన అన్నం, 25 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు, బీరకాయ కూర: 12 నుంచి 13. సాయంత్రం నూనె, ఉల్లిగడ్డ కలిపిన మరమరాలు: 2. రాత్రి 80 గ్రాముల పిండితో 2 జొన్నరొట్టెలు, 75 గ్రాముల చికెన్ కూర, చిన్న కప్పు పెరుగు: 26 దాకా. మొత్తం 50 దాటింది. ఇంకో రెండు తెల్లసొనలు వేస్తే 60కి దగ్గరవుతుంది.

ఇందులో అన్నిటి కంటే పనికొచ్చేది తెల్లసొన. ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల మేలైన ప్రొటీన్, ఫాస్ఫరస్ లేనంత తక్కువ. పచ్చసొన ఇంట్లో పిల్లలకు పెట్టేయొచ్చు. ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనే స్తోమత లేదని బాధపడేవాళ్లకు నేను మొదట చెప్పేది గుడ్ల ట్రే గురించే. పౌడరే కొనాలనుకుంటే డబ్బా మీద డయాలసిస్ పేషెంట్లకు అని ఉందో లేదో చూడండి. డయాలసిస్ మొదలుకానివాళ్ల కోసం ప్రొటీన్ తగ్గించి చేసిన డబ్బాలు కూడా అదే షెల్ఫులో, అదే రంగుల్లో ఉంటాయి.

చేపలు మంచివి. సాగర్, డిండి, జూరాల నీళ్ల రొహు అయినా, మన కొర్రమీను అయినా సరే, తాజా చేప కావాలి. ఎండుచేప ఉప్పుగడ్డతో సమానం. పాయ తాగిస్తే బలమొస్తుందని ఒక నమ్మకం గట్టిగా ఉంది. పాయలో పేషెంటుకు అందేది ఎక్కువగా నీరు, ఉప్పు, దాని వెంట కొంత ఫాస్ఫరస్. కండ పెరిగేంత మేలైన ప్రొటీన్ అందులో ఉండదు. ఆ డబ్బుతో పావుకిలో చికెన్ తెచ్చుకోండి. బోటి, తలకాయ, కార్జం వారం వారం తినే సరుకు కాదు.

శాకాహారులకు పనీర్, పెరుగు, పప్పు, మీల్‌మేకర్ ఉన్నాయి. మీల్‌మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి వండాలి. శనివారం, సోమవారం నీసు ముట్టనివాళ్లు, మాల వేసుకునేవాళ్లు ఆ రోజుల లెక్క ముందే వేసుకోవాలి. వారంలో రెండు రోజులు ప్రొటీన్ సగానికి పడితే మిగతా రోజుల్లో పూడదు.

కేలరీలు చాలకపోతే తిన్న ప్రొటీన్ కండకు పోకుండా కట్టెల్లా మండిపోతుంది. కాబట్టి అన్నం, రొట్టె, నూనె తగ్గించొద్దు. షుగర్ ఉన్నవాళ్లు అన్నం మానేయకుండా కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు తినాలి. తెలంగాణ రేషన్‌లో మనిషికి 6 కిలోలు ఇస్తున్న సన్నబియ్యం డయాలసిస్ పేషెంటుకు బాగానే సరిపోతుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పొటాషియం, ఫాస్ఫరస్ తక్కువ. జొన్నలో అవి కొంత ఎక్కువే, అయినా జొన్నలోని ఫాస్ఫరస్ ఒంటికి పూర్తిగా పట్టదు. పొటాషియం రిపోర్టు అదుపులో ఉన్నన్నాళ్లు, పాలమూరు మనిషికి రొట్టె మాన్పించి ఆకలి చంపాల్సిన పని లేదు.

5. ఫాస్ఫరస్ కోసం ప్రొటీన్ కోయొద్దు

ఫాస్ఫరస్ పెరగగానే గుడ్డు, మాంసం ఆపేస్తారు. ముందు ఆపాల్సినవి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ సాసేజీలు, ప్రాసెస్డ్ చీజ్ లాంటివి. వాటిలో కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. పప్పుల్లోదైతే సగం కూడా పట్టకపోవచ్చు. తిండిలోని ఫాస్ఫరస్‌ను రక్తంలోకి పోకుండా పట్టి ఆపే గోలీలు అన్నం తింటూ వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే అవి చేయాల్సిన పని చేయవు. చాలామంది మిగతా మాత్రలతో కలిపి పొద్దున్నే మింగేస్తారు.

పొటాషియం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా నాలుగు మాటలు. నల్లగొండ బత్తాయి రసం, బాలానగర్ సీతాఫలం, కొబ్బరినీళ్లు, కల్లు లేదా నీరా. ఆస్పత్రికి చూడటానికొచ్చే చుట్టాలు సంచిలో పట్టుకొచ్చేవి సరిగ్గా ఇవే. మర్యాదకు తాగించొద్దు, తినిపించొద్దు. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగుతుంది, ముందుగా చెప్పి రాదు. బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, అది ఇంట్లోకే రానీయొద్దు. ఆకుకూరలు, ఆలుగడ్డ లాంటివి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, నీళ్లు వంపేసి వండితే కొంత పొటాషియం పోతుంది. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ రోజువారీ కూరలు చేసుకోండి. ఆపిల్ ముక్క, పైనాపిల్ ముక్క తినొచ్చు. రిపోర్టులో పొటాషియం తక్కువగా ఉన్న మనిషికి ఈ కట్టుబాట్లన్నీ అవసరం లేదు, డాక్టరునడిగి సడలించండి.

ఉప్పు రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు. తొక్కులు, అప్పడాలు, వడియాలు ఆ లెక్కను ఒక్క ముద్దలో దాటిస్తాయి. రుచి తెలియట్లేదనే పేషెంటుకు నిమ్మకాయ, ఎల్లిపాయ, జీలకర్ర, కొత్తిమీర, మిరియాలు ఉన్నాయి. నీళ్లు ఆపడం కంటే ఉప్పు ఆపడం సులువు. ఉప్పు తగ్గితే దూప తగ్గుతుంది. మూత్రం ఎంత వస్తుందో అంతకు మరో 500 నుంచి 750 మిల్లీలీటర్లు కలిపి ద్రవాల లెక్క చూసుకోండి. అంబలి, పచ్చిపులుసు, చారు, మజ్జిగ అన్నీ అందులోకే వస్తాయి. పైగా వాటితో కడుపు నిండితే అసలు తిండి దిగదు.

6. డయాలసిస్ ఉన్న రోజు

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో మొదటి షిఫ్టుకు రావాలంటే చీకట్లో బస్సెక్కాలి. పొద్దున ఏమీ తినరు, మిషన్ మీద నాలుగు గంటలు, బయటికొచ్చాక నీరసం, బస్సు, ఇంటికి చేరి పడక. వారానికి మూడు సార్లంటే దాదాపు సగం రోజులు ఒక పూట తిండితో గడుస్తున్నాయి. చిక్కిపోవడానికి ఇదొక్కటి చాలు.

ముందు రాత్రే టిఫిన్ డబ్బా సర్దండి. ఇడ్లీ లేదా రొట్టె, ఉడికించిన గుడ్లు. మిషన్ ఎక్కేముందు గంటన్నర, రెండు గంటల ముందు తినాలి. డయాలసిస్ మధ్యలో కొంచెం తినడం చాలామందికి పడుతుంది, సిస్టరుకు చెప్పి మొదలుపెట్టండి. మధ్యలో బీపీ పడిపోయేవాళ్లు మిషన్ మీద తినొద్దు, దిగి కాసేపు ఆగాక బస్టాండుకు పోయేలోపు తినాలి. షుగర్ ఉన్నవాళ్ల ఇన్సులిన్ డోసు ఆ రోజుకు వేరేగా ఉండాలేమో అడగండి. కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, తిండి తప్పితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

7. మంట ఎక్కడుందో వెతకండి

తిండి సరిపోతున్నా మనిషి తేరుకోకపోతే, సీఆర్‌పీ దిగకపోతే, ఒంటిని పై నుంచి కింది దాకా ఒక్కో చోటా చూడాలి. డాక్టరుకు ఒక్కో పేషెంటుకు దొరికేది నాలుగు నిమిషాలే కావచ్చు. మీరు ముందే చూసి చెబితే ఆ నాలుగు నిమిషాలూ పనికొస్తాయి.

మొదటి అనుమానం డయాలసిస్ కోసం మెడలో పెట్టిన ట్యూబు, అంటే క్యాథెటర్ మీద. అది ఎన్నాళ్లుంటే అంత ప్రమాదం. మిషన్ మీద ఉండగా చలి, వణుకు, జ్వరం వచ్చాయంటే, వేరే కారణం రుజువయ్యే దాకా క్యాథెటర్ ఇన్‌ఫెక్షన్ అనే అనుకోవాలి. జ్వరం గోలీ వేసి ఇంటికి పంపితే ఊరుకోవద్దు, రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ అడగండి. చేతికి ఫిస్టులా వేయించుకుని, అది పక్వానికి వచ్చే ఒకటిన్నర, రెండు నెలలు ఓపిక పట్టి, మెడ ట్యూబు తీయించుకోవడం ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే పెద్ద పనుల్లో ఒకటి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో వస్తుందా, ఎక్కడ చేస్తారన్నది ఆస్పత్రి ఆరోగ్యమిత్రను అడగండి.

తర్వాత నోరు. చిగుళ్ల నుంచి రక్తం, చీము, కదిలే పళ్లు ఏళ్ల తరబడి ఇన్‌ఫ్లమేషన్‌ను పోషిస్తాయి, నమలనీయవు కూడా. పన్ను తీయించాలంటే డయాలసిస్ లేని రోజు పెట్టుకోండి, ఎందుకంటే మిషన్ మీద రక్తం పలచబడే హెపారిన్ ఇస్తారు. తంబాకు, గుట్కా సంగతి చెప్పక్కర్లేదు.

టీబీని మర్చిపోవద్దు. డయాలసిస్ పేషెంట్లలో మామూలు మనుషుల కంటే ఎక్కువగా వస్తుంది, తరచూ ఊపిరితిత్తుల్లో కాకుండా గ్రంథుల్లోనో, ఊపిరితిత్తుల పొరలోనో, వెన్నెముకలోనో దాక్కుంటుంది. సాయంత్రం సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి చచ్చిపోవడం కనిపిస్తే, గళ్ల (కఫం) పరీక్షలో ఏమీ రాలేదని వదిలేయొద్దు. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్షలు, మందులు ఉచితం. పేరు నమోదైతే పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు కూడా వస్తాయి.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలు రోజూ రాత్రి లైటు కింద తిప్పి చూడాలి. చేనులో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటున్నవాళ్లకు వేళ్ల సందున పుండు పడ్డా నొప్పి తెలియదు. పనిచేయని పాత గ్రాఫ్ట్ (ఫిస్టులా బదులు పెట్టిన కృత్రిమ నాళం), ఫెయిలైన మార్పిడి కిడ్నీ లోపలే ఉన్నా అవి నిశ్శబ్దంగా మంట పెడతాయి. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఎప్పుడు చేశారో అడిగి రాసుకోండి. ఇద్దరు ముగ్గురికి ఒకే రోజు మిషన్ మీద చలి పుట్టిందంటే నీటి శుద్ధి ప్లాంటులో లోపం ఉండొచ్చు, ఇన్‌చార్జికి చెప్పాల్సిందే.

చివరగా, ఎవరికీ తట్టనిది: నీరు. ఒంట్లో ఎప్పుడూ నీరు నిండి ఉండటమే పేగులను ఉబ్బించి ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుంది. రెండు డయాలసిస్‌ల నడుమ పెరిగే బరువు డ్రై వెయిట్‌లో 4 శాతం దాటకుండా చూసుకోండి. 50 కిలోల మనిషికి 2 కిలోలు.

ఒక మాట పక్కకు. మర్రిగూడ, మునుగోడు వైపు పాతతరం వాళ్లకు కీళ్లు, ఎముకలు నొస్తే ఫ్లోరైడ్ అని సరిపెట్టుకుంటారు. డయాలసిస్ పేషెంటులో పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగినా ఎముకలు నొస్తాయి, అదే హార్మోన్ కండను కూడా కరిగించగలదు. ఆ పరీక్ష చేయించకుండా మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొనొద్దు. మిగిలిన ఆ గుక్కెడు మూత్రాన్ని కూడా అవి ఎండబెడతాయి. ఆకుమందులు, పసర్లు అంతే.

8. డయాలసిస్ సరిపోతోందా

విషాలు మిగిలిపోతే నోరు చేదుగా ఉంటుంది, అన్నం చూస్తే వాంతి వస్తుంది. డయాలసిస్ ఎంత బాగా జరిగిందో రిపోర్టులో రెండు అంకెలు చెబుతాయి: కేటీ/వి 1.2 కంటే తగ్గకూడదు, యూఆర్‌ఆర్ 65 శాతం కంటే తగ్గకూడదు. వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లు, మూత్రం తగ్గిపోయాక కూడా అదే పద్ధతిలో ఉంటే తిండి ఎంత పెట్టినా దిగదు. ప్రయాణం భారమనో, పంటల పనులనో గంట ముందే దిగిపోవడం మామూలైంది. ఆ గంట ఆకలిని తినేస్తుంది. తోడొచ్చేది ఆడవాళ్లయితే తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. డయాలసిస్ పేషెంట్లకు ప్రభుత్వం ఇచ్చే పింఛను రాకపోతే మండల ఆఫీసులో అడగండి.

బైకార్బొనేట్ 22 కంటే తక్కువ ఉంటే రక్తంలో ఆమ్లం పెరిగి కండ కరుగుతుంది. సోడా గోలీలతోనో, డయాలసిస్ ద్రవం మార్చడంతోనో సరిచేస్తారు. మలబద్ధకం, గ్యాస్, షుగర్ వల్ల కడుపు నెమ్మదించడం, దిగులు, ఇవన్నీ ఆకలి చంపేవే, వీటికి మందులున్నాయి. దిగులు మాట డాక్టరు దగ్గర ఎత్తడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. ఎత్తండి.

9. కదిలించండి

పడుకున్న కండ తిన్నా పెరగదు. డయాలసిస్ లేని రోజు పొద్దున, సాయంత్రం వాకిట్లో నడక, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రబ్బరు బంతి పిసకడం చాలు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆపేయాలి.

10. నెల, రెండు నెలలకు లెక్క చూడండి

అల్బుమిన్ రోజుల్లో కదలదు, వారాలు పడుతుంది. నెల తర్వాత చుట్టుకొలత, డ్రై వెయిట్, అల్బుమిన్, సీఆర్‌పీ నాలుగూ పక్కపక్కన రాసి చూడండి. రెండు నెలలకు కూడా మార్పు లేకపోతే నోటి ద్వారా తాగే ప్రత్యేక ఫార్ములాలు, అవీ చాలకపోతే ముక్కు ట్యూబు, డయాలసిస్ సమయంలోనే రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కించడం లాంటి దారులున్నాయి. ఏది అవసరమో నెఫ్రాలజిస్టు తేల్చాలి. చాలా రోజులు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం హఠాత్తుగా పడిపోతాయి, కాబట్టి డాక్టరు కనుసన్నల్లో మెల్లగా పెంచాలి.

తర్వాతి డయాలసిస్ దాకా ఆగకూడనివి కొన్నున్నాయి. చలితో వణుకు, జ్వరం. క్యాథెటర్ చుట్టూ చీము, ఎరుపు. పడుకోలేనంత ఆయాసం. కాళ్లు చేతులు పట్టు తప్పడం, గుండె తడబడటం. షుగర్ పేషెంట్ చెమటలు పట్టి తికమకపడటం. పాదంలో నల్లబడ్డ వేలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే దగ్గర్లోని పెద్దాస్పత్రికి వెళ్లండి. 108కి ఫోన్ చేసినప్పుడు డయాలసిస్ పేషెంట్ అన్న మాట మొదటే చెప్పండి, నోట్‌బుక్ వెంట తీసుకుపోండి.